మా తమ్ముణ్ణి నా కణాలే చంపాయా?

ప్రశ్న: కాశిబుగ్గ అక్క
మాది వరంగల్. మా తమ్ముడు ఎనుమాముల మార్కెట్‌లో సరుకు తూకం వేసే దడవాయి. ముప్పై నాలుగేళ్లు. ఏఎంఎల్ రక్త క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో మూలకణ మార్పిడి చేయించాం. తోబుట్టువుల్లో నా హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తులు) ఒక్కటే పూర్తిగా కుదిరింది. ఐదు రోజులు సూదులు వేయించుకుని, నడుము విరిగిపోతున్నా ఓర్చుకుని, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుంటే వచ్చింది చిన్న సంచి. దాన్ని చూసి వాడు, "ఇంతేనా? తరుగు తీశారా అక్కా?" అన్నాడు.

ముప్పయ్యో రోజు పరీక్షలో జబ్బు లేదు, మజ్జలో ఉన్నవన్నీ నా కణాలే అన్నారు. ఇంట్లో పండగ చేసుకున్నాం. తరువాత అరచేతులు ఎర్రబడ్డాయి. ఆపైన విరేచనాలు. కొలపాత్ర పెట్టి లీటర్లలో రాసుకునేవాళ్లు. ఎనభై మూడో రోజు పోయాడు.

మరణ కారణం రాసిచ్చిన కాగితంలో మూడు వరుసలున్నాయి: సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి రక్తపోటు పడిపోవడం), పేగుల జీవీహెచ్‌డీ (ఇచ్చినవారి కణాలు రోగి ఒంటి మీదే దాడి చేయడం), ఏఎంఎల్. ఇందులో ఏది చంపినట్టు? దశదిన కర్మ నాడు మరదలి పుట్టింటివారు "ఆడబిడ్డ రక్తం పడలేదు" అన్నారు. వాడిది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్. పైగా పిల్లల్ని కన్న ఆడవాళ్ల కణాలు మగవాళ్లకు ఇస్తే ముప్పు ఎక్కువని చదివాను. నాకు ఇద్దరు పిల్లలు. ఓదార్పు వద్దు, ఉన్నది చెప్పండి.

జవాబు: జమ్మికుంట నర్సు
అక్కా, మార్పిడి వార్డులో ఆరేళ్లు పనిచేశాను. ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదవండి. ఏఎంఎల్ ఉంది కాబట్టి మార్పిడి. మార్పిడి వల్ల జీవీహెచ్‌డీ. అది పేగు లోపలి పొరను ఒలిచేస్తుంది, అందుకే ఆ విరేచనాలు. దాన్ని అణచడానికి స్టెరాయిడ్లు ఇస్తే ఒంట్లో కాపలా ఇంకా తగ్గుతుంది. పేగులో మామూలుగా ఉండే క్రిములే పొర లేని చోటు నుంచి రక్తంలోకి దిగుతాయి. షాక్ చివరి మెట్టు మాత్రమే. బ్లడ్ గ్రూపు మాట వదిలేయండి, గ్రూపు కలవకపోయినా మార్పిడి చేస్తారు. కుదరాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అది కుదిరింది.

జవాబు: కరీంనగర్ మాస్టారు
మా ఆవిడకు జీవీహెచ్‌డీ అసలు రాలేదమ్మా. దద్దురు కూడా లేదు. అదృష్టమనుకున్నాం. ఎనిమిదో నెలలో జబ్బు తిరగబెట్టింది. ఇచ్చింది వాళ్ల తమ్ముడు. అతనూ మీలాగే, నా కణాలు చేతకానివా బావా అని నన్ను అడిగాడు. ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించాను.

జవాబు: రక్తవ్యాధుల వైద్యుడు, హన్మకొండ
అమ్మా, మీరు చదివింది నిజమే. తల్లి అయిన స్త్రీ నుంచి పురుషుడికి ఇచ్చినప్పుడు జీవీహెచ్‌డీ, ముఖ్యంగా నెలల తరబడి సాగే రకం, కొంత ఎక్కువ. అది తెలిసే మిమ్మల్ని ఎంచుకుని ఉంటారు, ఎందుకంటే పూర్తిగా కుదిరిన తోబుట్టువు ఉంటే సాధారణంగా ముందు చూసేది వాళ్లనే. ఒక్కో తోబుట్టువుతో కుదిరే అవకాశం నాలుగింట ఒక వంతే.

మాస్టారి మాటలో ఇంకో సగం ఉంది. దాత కణాలు రోగి ఒంటిని పరాయిదని గుర్తుపట్టడం వల్లే జీవీహెచ్‌డీ వస్తుంది, మిగిలిన క్యాన్సర్ కణాలను వెతికి చంపేదీ ఆ గుర్తింపే. ఒకే పోలిక కవలల మధ్య మార్పిడి చేస్తే జీవీహెచ్‌డీ దాదాపు ఉండదు, కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. తొలి వంద రోజుల్లో ఇన్ఫెక్షన్లు, జీవీహెచ్‌డీ, అవయవాలు దెబ్బతినడం ఎక్కువగా ప్రాణం తీస్తాయి. ఆ తరువాత తిరగబెట్టిన జబ్బుదే పెద్ద వాటా. మీ కణాలు చేసిన హానిని కాదనను. అవి లేకపోతే అతనికి ఏఎంఎల్ ఒక్కటే మిగిలేది.

కాశిబుగ్గ అక్క
చదివాను. డాక్టరు గారూ, కాదననందుకు కృతజ్ఞతలు. ఇవాళ మరదలు ఫోను చేసింది, దడవాయి లైసెన్సు ఎవరి పేరున మార్చాలని. రక్తం మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సోమవారం ఇద్దరం మార్కెట్ ఆఫీసుకు వెళ్తున్నాం.