గ్రెట్నా గ్రీన్‌కి పారిపోయే జంటతో మేనత్త కూడా బయల్దేరితే?

రీజెన్సీ కాలం నాటి ఇంగ్లండు నేపథ్యంలో ఓ సరదా ప్రేమ నవల రాస్తున్నాను. కథ జరిగేది 1816లో, ఇండోనేషియాలో పేలిన తంబోరా అగ్నిపర్వతం పుణ్యమా అని అక్కడ ఎండాకాలమే సరిగ్గా రాని ఏడాది. హీరోయిన్‌కి 19 ఏళ్లు. 21 నిండకపోతే ఇంగ్లండులో లైసెన్సు పెళ్లికి తండ్రి ఒప్పుకోవాలి, స్కాట్లాండులో ఆ బెడద లేదు. అందుకే లండన్ నుంచి స్కాట్లాండు సరిహద్దు ఊరైన గ్రెట్నా గ్రీన్‌కి 300 మైళ్ల పైచిలుకు పరుగు, అదీ జోరువానలో.

అమ్మాయి పరువు పోతుందని మేనత్త కూడా బండెక్కేసింది! పోస్ట్ షేజ్ అనే ఆ చిన్న అద్దె గుర్రబ్బండిలో ఇద్దరైతే హాయి, ముగ్గురంటే ఇరుకే. ప్రేమికుల మధ్యన ఆవిడ, ఆవిడ ఒళ్లో టోపీల పెట్టె. గుర్రాలు మార్చే ప్రతి సత్రం దగ్గరా దిగి టీ అడుగుతుంది. వెనక తండ్రి తరుముకొస్తున్నాడు.

మొదట్లో నవ్వొచ్చింది. పోనుపోను అదే జోకు తిప్పితిప్పి చెప్తున్నట్టుంది, ప్రేమకథేమో మూలపడింది. మజిలీ మజిలీకీ గుర్రాలతోపాటు వాటిని నడిపే కుర్రాడూ మారతాడు కాబట్టి కొత్త మనుషుల్ని దింపొచ్చు, కానీ గుంపైపోదూ? మేనత్తని దారిలో ఎక్కడైనా దించేయనా, లేక ఆవిడకే ఓ ప్రేమకథ పెట్టనా? హాస్యం రాసేవాళ్లు, ఇలాంటి నవలలు తెగ చదివేవాళ్లు కాస్త చెప్పండి.