మొయినాబాద్ వైపు వెంచర్: మే నెలలో తీసిన నీటి రిపోర్టును నమ్మవచ్చా?

ఫ్లాట్ వేట: 111 జీవో గ్రామాల్లో (నగరానికి నీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు కట్టడాలపై ఆంక్షలు పెట్టిన ఊళ్లు) ఒక వెంచర్ ప్రతిపాదన దశలో ఉంది. రెండు సెల్లార్లు తవ్వుతారట. సర్వే మే నెలలో చేశారు, నాలుగు బోర్లు వేస్తే 18 మీటర్ల దాకా నీరు తగల్లేదని రిపోర్టు ఇచ్చారు. పక్కన ఎండిపోయిన కుంట ఒకటుంది. ధైర్యం చేయొచ్చా?

మొరం బావి: మే కొలత ఒక్కటీ చాలదు. కేంద్ర భూగర్భ జల మండలి బావుల్లో నీటి మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది: జనవరి, మే, ఆగస్టు, నవంబరు. మేలో మట్టం అడుగంటుతుంది, వానలు పడ్డాక పైకి వస్తుంది. అందుకే సెల్లార్ తవ్వేవాడికి కావాల్సింది నవంబరుది. మనది గ్రానైట్ నేల. నీరు పైనున్న మొరంలోనూ (రాయి చివికి మెత్తబడిన పొర), కింద రాతి పగుళ్లలోనూ ఉంటుంది. అందుకే ఒకే చేనులో ఒక బోరులో నీరు పడుతుంది, పక్కది ఎండుతుంది. ఆ నాలుగు బోర్లు ఎక్కడ వేశారో అడగండి, అన్నీ మిట్ట మీదే వేసి ఉండొచ్చు. ఇంకో తమాషా: పర్యావరణ ప్రభావ అధ్యయనానికి మామూలుగా ఒక్క సీజన్ వివరాలు చాలు, అదీ వర్షాకాలం కానిది! కుంట సంగతికి ఊరి నక్షా తెప్పించి, శిఖం భూమి (కుంట నీరు నిలిచే నేల) ఎంతవరకో, అలుగు నీరు ఎటు పోతుందో చూడండి.

హిమాయత్‌సాగర్ పైవాడు: అడుగు మట్టం మేలో అని ఎవరు చెప్పారు? యాసంగి కోతలు ఏప్రిల్‌కి అయిపోతాయి, మోటార్లు ఆగుతాయి. మా బావి మేలో కాస్త తేరుకుంటుంది. ఏసీ గదిలో కూర్చుని మాకు బావుల గురించి చెప్పకండి.

మొరం బావి: ఏప్రిల్ ఆఖరే అనుకోండి. నవంబరు కాదు కదా?

హిమాయత్‌సాగర్ పైవాడు: అయితే మే అన్నది తప్పని ఒప్పుకోండి.

లెక్కల మాస్టారు: ముందు హెచ్‌ఎండీఏ పర్మిషన్ ఉందా?

మూసీ ఒడ్డు: 2020 అక్టోబరు 13 గుర్తుందా? ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. ఎండిపోయిన కుంటే కదా అని కట్టుకున్న కాలనీలు ఎన్ని మునిగాయో చూశాం. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి పూడిస్తే ఆ నీరంతా కిందివాళ్ల మీద పడుతుంది.

హిమాయత్‌సాగర్ పైవాడు: ఆ కుంట నా చిన్నప్పటి నుంచి నిండలేదు.

మొరం బావి: నిండనిది వాన లేకనా, పైన కాలువ మూసేశారా? రిపోర్టు చెప్పాల్సింది అదే. నీరు ఎటు పోతుందన్నది చిన్న సంగతి కాదు: 2000లో సుప్రీంకోర్టు పెద్దషాపూర్ నూనెల ఫ్యాక్టరీకి ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు కొట్టేసింది. కలుషిత నీరు ఆ జలాశయాల్లోకి చేరే ప్రమాదం ఉందనే కదా.

హిమాయత్‌సాగర్ పైవాడు: కోర్టు, జీవో, నక్షా! 1996 నుంచి 84 గ్రామాలవాళ్లం ఇవే వింటున్నాం. అక్క పెళ్లికి మా నాయన ఎకరం అమ్మితే, జీవో గీత అవతల వెయ్యి గజాలకు వచ్చే డబ్బు కూడా రాలేదు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వస్తే ఊరంతా మిఠాయిలు పంచుకున్నాం. దానికీ నీరు పాడవకూడదనే షరతు పెట్టారు. నీరు మీకు, కట్టుబాటు మాకు. ఇన్నేళ్లకు ఒక్కడు నష్టపరిహారం మాట ఎత్తాడా?

మూసీ ఒడ్డు: జలాశయం గేట్లు ఎత్తిన రాత్రి బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని మేమూ పరుగెత్తాం. మాకు మాత్రం ఎవరిచ్చారు?

హిమాయత్‌సాగర్ పైవాడు: అది నా తప్పా?

మూసీ ఒడ్డు: నేనలా అనలేదు. పైన ప్రతి ఎకరం సిమెంటు చేస్తే ఆ వాన ఎటు పోవాలి?

మొరం బావి: పైవాడు గారూ, పరిహారం ఇవ్వాల్సిందే, అది నేను కాదనను. కానీ మీ భూమికి ధర రావాలని ఆ బోర్లలో 18 మీటర్ల దాకా నీరు లేదని రాసిన కాగితాన్ని నిజం చేయలేం. అందులో ఇల్లు కొనేది ఈయన.

హిమాయత్‌సాగర్ పైవాడు: కొనేవాడి మీద అంత ప్రేముంటే భూమి అమ్మేవాడి మీద కూడా కాస్త ఉంచండి.

లెక్కల మాస్టారు: పర్మిషన్ సంగతి ఇంకా చెప్పలేదు.

ఫ్లాట్ వేట: దరఖాస్తు పెట్టారట, అంతే. నవంబరు కొలతలు అడిగితే, అప్పటికి రేటు పెరుగుతుంది, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు.

మొరం బావి: కట్టకండి.

హిమాయత్‌సాగర్ పైవాడు: మీరు కట్టకపోతే ఇంకొకరు కడతారు. ఏప్రిల్ సంగతి మాత్రం ఆయన ఇంకా ఒప్పుకోలేదు.