నాయనమ్మ ఫోటోకి 50 ఎంఎం లెన్స్ కొనాలా, 85 కొనాలా?

స్టీల్‌సిటీ_08:
అందరికీ నమస్కారం. నా దగ్గర కానన్ 200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55 (18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ అయ్యే) లెన్స్ ఉన్నాయి. వచ్చే నెల భీమిలిలో మా నాయనమ్మకి సహస్ర చంద్ర దర్శనం. ఆలోపు ఆవిడది ఒక్క మంచి ఫోటో తీయాలి. తాతయ్య పోయినప్పుడు ఇంట్లో సరైన ఫోటో లేక ఆధార్ కార్డులోదే పెద్దది చేయించి గోడకి పెట్టాం. ఇప్పటికీ అటు చూడాలంటే మా నాన్నకి మనసొప్పదు. నాయనమ్మ విషయంలో అలా జరగకూడదు.

మొన్న దగ్గరగా కూర్చుని దాన్ని 18 దగ్గర పెట్టి తీశాను. ముక్కు, దానికున్న బేసరి తప్ప ఇంకేం కనిపించలేదు. "ఇది నా ముక్కేనేంట్రా?" అంది. యూట్యూబ్‌లో అందరూ 85 ఎఫ్ 1.8 అంటున్నారు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుందట). 50 ఎఫ్ 1.8 సరిపోతుందా? రెండూ కొనలేను.

వాల్తేరు_వెలుగు:
తమ్ముడూ, ముందు టేపు పెట్టి ఫోటో తీసే గది కొలువు. లెన్స్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

నీ కెమెరా సెన్సర్ (ఫోటోని పట్టుకునే చిప్) ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కన్నా చిన్నది. దాని మీద 50 వేస్తే ఫుల్ ఫ్రేమ్‌లో 80 చూపినంతే చూపిస్తుంది, 85 వేస్తే 136 అంత. కూర్చున్న మనిషిని నడుము దాకా నిలువు ఫ్రేములో పట్టాలంటే 85తో సుమారు పదకొండడుగులు వెనక్కి వెళ్లాలి. 50తో ఆరున్నర, ఏడడుగులు చాలు. పాత పెంకుటింట్లో పదకొండడుగులు ఎక్కడ దొరుకుతాయి? నేను పెళ్లిళ్లు తీస్తాను. పెళ్లికూతురి గదిలోకి 85 పట్టుకెళ్లి, వీపు బీరువాకి ఆనిపోయి, చివరికి లెన్స్ మార్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ముక్కు పెద్దదవడానికి కారణం దూరం. రెండడుగుల నుంచి తీస్తే చెవుల కన్నా ముక్కు లెన్స్‌కి బాగా దగ్గరైపోతుంది. ఐదారడుగులు వెనక్కి జరిగితే ముఖం మనకి తెలిసిన ముఖంలా వస్తుంది. కావాలంటే నీ 18-55నే 50 దగ్గర పెట్టి రేపే చూడు. కాకపోతే అక్కడ అది ఎఫ్ 5.6కి దగ్గర్లో ఉంటుంది. 1.8 దానికి తొమ్మిది పది రెట్ల వెలుతురు తీసుకుంటుంది. ఇంట్లో తీసేటప్పుడు ఆ తేడాకే డబ్బులు పెట్టాలి.

కానీ 1.8లో తీయకు. నాలుగున్నర అడుగుల నుంచి ముఖం తీస్తే ఫోకస్ లోతు, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే మేర, ఐదు సెంటీమీటర్లే. తల కొంచెం తిప్పితే ఒక కన్నే స్పష్టంగా ఉంటుంది. 2.8 పెట్టు. షట్టర్ వేగం 1/160 సెకను కన్నా తగ్గించకు, ఈ 50 లెన్స్‌లో స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దేది) ఉండదు. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు) కంటిని పట్టుకునే ఫోకస్ నీ మోడల్‌లో ఉంది, అది ఆన్ చేసుకో.

ఆవిడని గోడకి ఆనించి కూర్చోబెట్టకు. వెనక తలుపు తీసి పెట్టు, లోపలి గది చీకటి వెనక పడుతుంది, క్యాలెండర్లు కనిపించవు. కిటికీ పక్కకి ఉండాలి. ట్యూబ్‌లైట్ ఆపెయ్, లేకపోతే ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు.

ఎంవీపీ_కెమెరా:
ఆర్కే బీచ్‌లో తీసే వాళ్లకైతే నేను 85 అనే చెబుతాను. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి పోయాక, సముద్రం వైపు తిరిగిన ముఖం మీద పడే ఆ మెత్తని వెలుతురులో 85 అందమే వేరు. ఇంటికి మాత్రం 50.

సెకండ్ హ్యాండ్ కొంటే మొబైల్ టార్చ్ లోపలికి కొట్టి చూడండి. సాలెగూడు లాంటి గీతలుంటే ఫంగస్. నేను చూడకుండా కొని నష్టపోయాను. మన విశాఖ తేమకి లెన్స్‌ని గుడ్డ సంచిలో బీరువాలో పెట్టొద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు బ్యాగు జిప్పు వెంటనే తీయకండి, గాజు మీద ఆవిరి పడుతుంది.

స్టీల్‌సిటీ_08:
అన్నా, గది తొమ్మిదడుగులే. 50 కొన్నాను. ఆదివారం పొద్దున్న మీరు చెప్పినట్టే తలుపు తీసి కూర్చోబెట్టాను. మొదటి ఇరవై ఫోటోల్లో బిగుసుకుపోయింది. చివరికి చేతికి చేట ఇచ్చి బియ్యం ఏరమన్నాను. ఏరుతూ ఏదో అడగడానికి తలెత్తింది, అప్పుడు నొక్కాను. బేసరి రాళ్లు, కంటి చుట్టూ ముడతలు, చెంప మీద చిన్నప్పటి మచ్చ, అన్నీ ఉన్నాయి. ముక్కు ఆవిడదే. 12 బై 18 అంగుళాల ప్రింట్ వేయిద్దామనుకుంటున్నాను. గ్లాసీయా, మ్యాటా?

వాల్తేరు_వెలుగు:
మ్యాట్. కిటికీకి ఎదురు గోడ మీద గ్లాసీ పెడితే ఆవిడ కన్నా కిటికీయే ఎక్కువ కనిపిస్తుంది. ఫైల్ ఇచ్చే ముందు ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద కళ్లు ఒకసారి జూమ్ చేసి చూసుకో.