అరవై దాటాక నడక ఒక్కటే సరిపోతుందా? కర్నూలు వాళ్లు చెప్పండి

సి క్యాంపు వాసి
నా వయసు 63. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పొద్దున్నే అవుట్‌డోర్ స్టేడియంలో నడవడం ఏళ్ల నాటి అలవాటు. షుగరు అదుపులో ఉంది, ఆయాసం లేదు. అయితే ఈమధ్య బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చున్నాం. కథలు అయ్యేదాకా బాగానే ఉంది. లేవబోతే తొడల్లో సత్తువ లేదు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి పక్కవాళ్ల భుజం మీద వేసి ఎలాగో లేచాను. అంతసేపూ పంతులుగారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

రోజూ నడిచేవాడికి ఇలా ఎందుకు అవుతుంది? అరవై దాటిన మిత్రులు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు ఏం చేస్తున్నారో, ఏది పనికొచ్చిందో రాయండి. వీడియోలు మాత్రం పంపకండి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వాటికి కొదవ లేదు.

డ్రిల్లు మాస్టారు
నడక గుండెకూ ఊపిరితిత్తులకూ మంచిది. షుగరుకూ మంచిదే. కానీ చదునైన ట్రాకు మీద నడిచేటప్పుడు తొడలు మోసేది రోజూ అదే బరువు. అలవాటైన బరువుతో కండ పెరగదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. అందులోనూ ముందు పోయేవి చురుకుగా కదిలే కండపోగులు. గబుక్కున లేవాలన్నా, కాలు తట్టుకున్నప్పుడు పడకుండా నిలదొక్కుకోవాలన్నా అవే కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూడండి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలి. మన నడకరాయుళ్లందరూ అక్కడితో ఆగిపోతారు. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం, పెద్దవాళ్లకైతే మూడు రోజులు తూలిపడకుండా నిలబడే సాధన కూడా ఉండాలని అందులోనే ఉంది.

ముందు ఒక పరీక్ష చేసుకోండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల మగవాళ్లకు 14, ఆడవాళ్లకు 12 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం చాలదన్నమాట. 70–74 వాళ్లకైతే ఆ సంఖ్యలు 12, 10.

ఉల్లి రైతు, కోడుమూరు
మా నాన్నకు 78. జన్మలో వ్యాయామం అన్న మాట ఎరగడు. మొన్నటిదాకా ఉల్లిగడ్డల బస్తా భుజానికి ఎత్తుకున్నాడు. టౌనులో పని చేయకుండా కూర్చుని, మళ్లీ డబ్బులు కట్టి జిమ్ములో ఇనుము ఎత్తడం ఏమిటో నాకు అర్థం కాదు. మా ఊళ్లో ఒకప్పుడు కుర్రవాళ్లు గుండు ఎత్తి పందెం కాసేవాళ్లు, అదీ ఊరికే.

డ్రిల్లు మాస్టారు
గుండు ఎత్తినా ఇనుము ఎత్తినా ఒకటే, కండకు ఆ తేడా తెలియదు. మీ నాన్నగారు చేసింది ఏ జిమ్ముకూ తీసిపోదు. మరి "మొన్నటిదాకా" అన్నారు. ఇప్పుడో?

ఉల్లి రైతు, కోడుమూరు
ఇప్పుడు పొలం నేను చూస్తున్నాను. రెండేళ్లుగా అరుగు మీదే కూర్చుంటున్నాడు. మీరు అడిగాక ఆలోచిస్తే, ఆ రెండేళ్లలోనే చేతికి కర్ర వచ్చింది. పని లేకుండా కట్టేసి మేపిన ఎద్దు కాడి కింద నిలబడదని ఆయనే అనేవాడు.

ఫిజియో, బుధవారపేట
ఇది నేను రోజూ చూసేదే. కష్టం చేసిన ఒంటికి పని ఉన్నట్టుండి ఆగిపోతే బలం చాలా వేగంగా దిగిపోతుంది. 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజులకే కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది. డెంగీ జ్వరమో, కంటి ఆపరేషనో వచ్చి పడుకున్న తర్వాత పెద్దవాళ్లు "మళ్లీ మామూలు మనిషి కాలేదు" అంటుంటారు కదా, చాలాసార్లు కారణం జబ్బు కాదు, ఆ పడుకోవడమే. అందుకని జ్వరం తగ్గగానే, డాక్టరు వద్దంటే తప్ప, మెల్లగా లేపి తిప్పండి. కొడుకులు, కోడళ్లు ప్రేమ కొద్దీ మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిస్తారు. అది మేలు కాదు.

ఉల్లి రైతు గారూ, నాన్నగారిని పొలానికి పిలవండి. బస్తాలు వద్దు. గట్ల మీద తిరగడం, బిందెడు నీళ్లు మోయడం లాంటివి చాలు.

నంద్యాల టీచరు
మా అత్తగారికి 71. బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నారు. రెండు మోకాళ్లూ నొప్పి. మెట్లు ఎక్కరు, కింద కూర్చోరు. వ్యాయామం మాట ఎత్తితే "ఈ వయసులో నాకెందుకమ్మా, మోకాళ్లు అరిగిపోయాయన్నారుగా, ఇంకా అరగదీసుకోమంటావా" అంటారు. నా భయమేమిటంటే, మా ఇంట్లో కిందంతా బేతంచెర్ల నాపరాళ్లు. తడి తగిలితే మాకే కాలు నిలవదు. ఆమె ఒక్కసారి పడితే తుంటి ఎముక సంగతేమిటి?

ఫిజియో, బుధవారపేట
అమ్మా, అత్తగారి ప్రశ్న న్యాయమైనదే, అందరూ అడిగేదే. మోకీలులో మృదులాస్థి అరిగినా, ఆ కీలు మీద పడే భారాన్ని కొంత పంచుకునేది తొడ ముందు భాగంలోని కండరం. అది బలహీనపడితే నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి కదలకపోతే అది ఇంకా బలహీనపడుతుంది. సరిగ్గా చేసిన వ్యాయామం కీలును అరగదీయదు. మోకాలి నొప్పికి మొదట ఇవ్వాల్సిన వైద్యాల్లో వ్యాయామం ఒకటి.

ముందుగా ఇది చేయించండి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఒక కాలు మెల్లగా ముందుకు చాపమనండి. మోకాలు తిన్నగా వచ్చాక పాదాన్ని తనవైపు లాక్కుని ఐదు అంకెలు లెక్కపెట్టి, అంతే మెల్లగా దించాలి. మోకాలి పైన కండ బిగుసుకున్నట్టు చేతికి తెలుస్తుంది. ఆమె చేతినే అక్కడ పెట్టించండి, నమ్మకం కుదురుతుంది. ఒక్కో కాలికి పది. కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు. మోకాలు వాచినా, మర్నాడు పొద్దుటికి నొప్పి ముందుకన్నా ఎక్కువైనా మోతాదు తగ్గించాలి, మానకూడదు.

తూలకుండా ఉండడానికి వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం నేర్పండి. తర్వాత రెండు వేళ్లు మాత్రమే ఆనించి, ఆ తర్వాత చెయ్యి గాల్లో ఉంచి. 2022లో బ్రెజిల్ నుంచి వచ్చిన అధ్యయనంలో 51 నుంచి 75 ఏళ్ల వాళ్లను పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడలేనివాళ్లలో ఆ తర్వాతి ఏళ్లలో మరణాల ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు, ఒంట్లో సత్తువ ఎంత ఉందో అది చూపిస్తుంది.

షుగరుకు ఇన్సులినో గ్లిమిపిరైడ్ మాత్రలో వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించకండి, షుగరు పడిపోతే ఇవ్వడానికి చేతికందేలా చక్కెర ఉంచండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పడక మీద నుంచి లేచి ఒక నిమిషం కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ బిగించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టరు దగ్గరికే.

పదివేల అడుగులు
ఇదంతా చదివితే భయమేస్తోంది. నేను కె.సి. కెనాల్ గట్టు మీద రోజూ పదివేల అడుగులు పూర్తి చేస్తాను, ఫోనులో చూసుకుంటాను. అది చాలదంటారా?

డ్రిల్లు మాస్టారు
మంచి అలవాటే. కానీ ఆ పదివేల లెక్క వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపానులో అడుగులు కొలిచే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి దానికి పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశీలనలో రోజుకు 4,400 అడుగులు నడిచినవాళ్లకే, 2,700 నడిచినవాళ్లతో పోలిస్తే మరణాల ముప్పు బాగా తక్కువగా ఉంది. 7,500 దగ్గర ఆ లాభం దాదాపు ఆగిపోయింది. మీరు రెండు వేల అడుగులు తగ్గించుకుని ఆ సమయం కుర్చీ మీద లేచి కూర్చోవడానికి ఇవ్వండి.

వెంకటరమణ కాలనీ అక్క
నాకు 66. మా వీధిలో ఆడవాళ్లం కొందరం సాయంత్రం మా మేడ మీద కలుస్తాం. జిమ్ముకు వెళ్లడానికి మాకు సిగ్గు, దూరం, ఖర్చు. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు కదా, చెరొక చేతికి ఒకటి. తలపైకి ఎత్తడం, పక్కలకు చాపడం, ముందుకు వంగి వెనక్కి లాగడం. చేతనైనవాళ్లు రెండు లీటర్ల సీసాలకు వెళ్లారు. గోడకు చేతులు ఆనించి దండీలు తీస్తాం. కుర్చీ మీద లేచి కూర్చోవడం అందరికీ తప్పనిసరి. మాటలు ఎక్కువ, వ్యాయామం తక్కువ అని మా ఆయన ఎగతాళి, కానీ మాటల కోసమైనా ఎవరూ మానరు.

తేడా ఎక్కడ తెలిసిందంటే రైతుబజారులో. రెండు సంచులు నిండా కూరగాయలతో మా రెండో అంతస్తుకు మధ్యలో దించకుండా ఎక్కగలుగుతున్నాను. ఇంతకుముందు మొదటి అంతస్తు దగ్గర సంచి కింద పెట్టి, పక్కింటి పిల్లవాడి కోసం చూసేదాన్ని.

తిండి గురించి ఎవరూ రాయలేదేమి? ఉగ్గాని, బజ్జి తిని కండ రమ్మంటే రాదు. మా కాలనీలో సగం మంది రాత్రికి పాలన్నమో రెండు ఇడ్లీలో తిని పడుకుంటారు.

ఫిజియో, బుధవారపేట
అక్క మంచి మాట ఎత్తారు. పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని నిపుణుల మాట. అరవై కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో వచ్చేది ఆరు గ్రాములే. వంద గ్రాముల వేరుశనగ విత్తనాల్లో 25 దాకా ఉన్నా, నూనె కూడా బాగా ఉంటుంది, అంత తినలేం. పప్పు, ఉలవలు, పెసలు, పెరుగు, గుడ్డు, అలవాటున్నవాళ్లకు చేపలు, కోడి మాంసం మూడు పూటలకూ పంచుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఇది పాటించకండి.

పదివేల అడుగులు
2022లో ఫిన్లాండులో జరిగిన ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో భగవానీ దేవి గారు 94 ఏళ్లకు వంద మీటర్లు 24.74 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చారు. మనం కుర్చీ దగ్గరే ఆగిపోతే ఎలా?

డ్రిల్లు మాస్టారు
ఆమెకు దండం. కానీ అలాంటి వార్త చదివిన మామూలు ముసలివాడు చప్పట్లు కొట్టి మళ్లీ పడక్కుర్చీలో వాలిపోతాడు. నాకు నచ్చింది 1990లో బోస్టన్ దగ్గర చేసిన ప్రయోగం. వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది, అందరూ తొంభైకి అటూ ఇటూ వయసువాళ్లు, బలహీనులు. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తేలికపాటి బరువులు కాదు, వాళ్ల శక్తికి తగినంత గట్టి బరువులే. మన దగ్గర తప్పు జరిగేది అక్కడే. పెద్దవాళ్లు కదా అని వ్యాయామం పేరుతో చేతులు ఊపించి పంపేస్తారు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించకపోతే కండ పెరగదు. సులువైపోతే కొంచెం బరువు పెంచండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఎగబాకుతుంది. పైకి లేస్తూ ఊపిరి వదలాలి.

సి క్యాంపు వాసి
అందరికీ ధన్యవాదాలు. పరీక్ష చేసుకున్నాను. నా వయసుకు చెప్పిన 14 రాలేదు. మొదట గబగబా లేచాను, సగం నుంచి తొడలు వణికాయి. మొదలుపెడతాను. రెండు సందేహాలు. ఎండాకాలంలో మన ఊళ్లో ఏడు దాటితే స్టేడియంలో నిలబడలేం, అప్పుడెలా? నేల మీద నుంచి లేవడం విడిగా సాధన చేయాలా?

వెంకటరమణ కాలనీ అక్క
ఏప్రిల్, మే నెలల్లో మేము మేడ వదిలేసి హాల్లో ఫ్యాను కింద చేస్తాం. నడకంటారా, తెల్లవారకముందే ముగించుకోండి. లేదంటే భోజనం తర్వాత ఇంట్లోనే పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగండి, తిన్న తర్వాత పెరిగే షుగరుకు అది మందులా పనిచేస్తుంది.

ఫిజియో, బుధవారపేట
నేల మీద నుంచి లేవడం విడిగా నేర్చుకోవలసిందే. పడినప్పుడు పనికొచ్చేది అదే. మంచం పక్కన చాప వేసుకోండి. పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, మోకాళ్లు, చేతుల మీదికి రండి. మంచం దగ్గరికి పాకి దాని అంచు పట్టుకోండి. బలమున్న కాలు ముందుకు తెచ్చి పాదం నేలకు పూర్తిగా ఆనించి, చేతులతో మంచాన్ని, కాలితో నేలను నొక్కుతూ లేవండి. లేవగానే నడవకండి, మంచం మీద కూర్చోండి. మొదటి రోజుల్లో ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి.

నంద్యాల టీచరు
మా అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను. తొంభై ఏళ్లవాళ్ల సంగతి విని "అయితే నేను చిన్నదాన్నే" అన్నారు. ఈ పూట కుర్చీలో కూర్చుని కాళ్లు చాపడం మొదలైంది. లేచి కూర్చోవడానికి మాత్రం మా దగ్గర ప్లాస్టిక్ కుర్చీలే ఉన్నాయి, ఫరవాలేదా?

డ్రిల్లు మాస్టారు
ప్లాస్టిక్‌ది వద్దమ్మా, మీ నాపరాళ్ల మీద జారుతుంది. బరువైన చెక్క కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. లేకపోతే అత్తగారి మంచమే మేలు. దాని అంచున కూర్చోబెట్టి మొదలుపెట్టండి. మంచం మరీ పల్లంగా ఉంటే ఆమె కూర్చునే చోట రెండు దిండ్లు వేయండి, బలం వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ తీసేయండి. మేజోళ్లతో చేయించకండి.