ఫార్సీలో ‘నేల తినడం’

ప్రశ్న: ఫార్సీ నేర్చుకుంటూ ‘జమీన్ ఖోర్ద్’ దగ్గర ఆగిపోయాను. జమీన్ అంటే నేల, ఖోర్దన్ అంటే తినడం. నేల తిన్నవాడు కింద పడినవాడు ఎలా అయ్యాడు? ఇలాంటివన్నీ బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. మనం దెబ్బలు తినడం లేదా? తన్నులు, తిట్లు, చీవాట్లు కూడా తింటాం. వద్దన్నా వచ్చి మీద పడేదాన్ని భరించడమే ఆ తినడం. ఫార్సీ ఈ దారిలో మనకంటే చాలా ముందుకు పోయింది. ‘సర్మా ఖోర్దన్’, అంటే చలి తినడం, జలుబు చేయడం. ‘ఘొస్సె ఖోర్దన్’ దుఃఖపడటం. (హైదరాబాదీలు కంగారు పడవద్దు. ఉర్దూలో కోపమైన గుస్సా ఇదే మాట, ఇరాన్‌లో అది దుఃఖం.)

ఖోర్దన్‌ను ఒంటరిగా చదవకండి. పక్కన ‘జదన్’, అంటే కొట్టడం, పెట్టుకోండి. కొతక్ జదన్ చితకబాదడం, కొతక్ ఖోర్దన్ దెబ్బలు తినడం. గూల్ జదన్ మోసగించడం, గూల్ ఖోర్దన్ మోసపోవడం. చేసేవాడు కొడతాడు, పడేవాడు తింటాడు. అయితే ‘హర్ఫ్ జదన్’ ఉత్తి మాట్లాడటమే. అక్కడ ఎవరికీ దెబ్బ తగలదు.

నన్నడిగితే అసలు కష్టం క్రియల్లో లేదు. క్రియ చివరికే వస్తుంది కాబట్టి వాక్యం మనకు పరిచితంగానే ఉంటుంది. చిక్కంతా నామవాచకాలను కలిపే ‘ఎ’తోనే, దాన్ని ఎజాఫె అంటారు. ‘కెతాబ్-ఎ బొజొర్గ్-ఎ బరాదర్-ఎ మన్’ను చివరినుంచి చదవండి: నా, తమ్ముడి, పెద్ద, పుస్తకం. అచ్చంగా తలకిందుల తెలుగు! కోహినూర్‌లో మధ్యనున్న ‘ఇ’ కూడా ఇదే: కొండ ముందు, వెలుగు వెనక. హల్లు తర్వాత ఈ ‘ఎ’ను మామూలుగా రాయరు. చదివేవాడే వెతుక్కుని పలకాలి. పత్రిక చదవబోతే మొదట తడబడేది ఇక్కడే.

మరొకరు: ‘ఖాబమ్ మియాయద్’ కూడా చేర్చండి. నిద్ర వస్తోందని మనమూ అంటాం కాబట్టి సులువే. కానీ ‘నాకు’ అనే విభక్తి అక్కడ లేదు. ఉన్నది ‘నా నిద్ర వస్తోంది’. వచ్చేది నిద్ర కాబట్టి క్రియకు ‘నేను’ ప్రత్యయం తగిలించకూడదు. ‘యాదమ్ రఫ్త్’ అంతే: నా జ్ఞాపకం పోయింది, అంటే మరిచిపోయాను. తెలంగాణ ‘యాది’ ఈ యాద్ నుంచి వచ్చిందే.

ప్రశ్న అడిగినవారు: మరి ‘దెలమ్ బరాయత్ తంగ్ షొదె’? నా గుండె నీకోసం ఇరుకైపోయిందనా?

జవాబు: మాటకు మాట అంతే. తెలుగులో అయితే ‘నీ మీద బెంగపెట్టుకున్నాను’ అనండి. గుండె ఇరుకైందంటే మనవాళ్లు డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తారు.