ట్రాన్స్‌పోర్ట్ ప్రోటీన్ల టేబుల్: రెండు డేటాబేసుల్లో రెండు లెక్కలు వస్తున్నాయి, ఏది రాయాలి?

చెనక్కాయ_అనంతపురం:
అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మా చేన్లో చెనక్కాయ చెట్టు పీకి, వేరు బుడిపెల్లోంచి తీసిన బ్యాక్టీరియా మీద నా ప్రాజెక్టు. జీనోమ్ సీక్వెన్స్ అయిపోయింది, ఇప్పుడు దాని కణం పొరలో ఉండి సరుకును లోపలికీ బయటికీ మోసే ట్రాన్స్‌పోర్ట్ ప్రోటీన్లు ఎన్ని, ఏవి అని టేబుల్ వేయాలి. ట్రాన్స్‌పోర్ట్‌డీబీ పద్ధతిలో తీస్తే ఒక లెక్క వచ్చింది. టీసీడీబీ అనే ఇంకో డేటాబేస్ సీక్వెన్సులు దింపుకొని నేనే బ్లాస్ట్ (సీక్వెన్సుల పోలిక చూసే ప్రోగ్రామ్) పెడితే దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. ఇంకో సంగతి, ఒక ప్రోటీన్‌కి టాప్ హిట్, అంటే అన్నిటికంటే దగ్గరగా కలిసింది, ల్యాక్‌వై (ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్ చక్కెరను లోపలికి తెచ్చే ప్రోటీన్), పోలిక 31 శాతం. సరే అని 'లాక్టోజ్ ట్రాన్స్‌పోర్టర్' అని రాసేశాను. మా గైడ్ ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన 'ఆధారం?' అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. శుక్రవారం మళ్లీ చూపించాలి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

తుంగభద్ర_కర్నూలు:
చెల్లెమ్మా, ఆ రెండూ చేసే పని ఒకటి కాదు. టీసీడీబీ శాన్‌డియేగోలో మిల్టన్ సాయర్ బృందం కట్టిన వర్గీకరణ. ఎంజైములకు ఈసీ నంబర్లున్నట్టే ట్రాన్స్‌పోర్టర్లకు టీసీ నంబర్లు, అంతర్జాతీయ జీవరసాయన సంఘం ఐయూబీఎంబీ కూడా 2001లో ఒప్పుకుంది. ట్రాన్స్‌పోర్ట్‌డీబీ ఇయాన్ పాల్సెన్ వాళ్లది, ఒక్కో జీనోమ్ మొత్తం తీసుకొని అందులో ఏమేం ట్రాన్స్‌పోర్టర్లు ఉండొచ్చో సీక్వెన్స్‌ని బట్టి అంచనా కడుతుంది, కుటుంబాల పేర్లు మాత్రం టీసీ పద్ధతివే వాడుతుంది.

ఇక లెక్క. నువ్వు రేషన్ కార్డులు లెక్కపెట్టావా, కార్డులో మనుషుల్ని లెక్కపెట్టావా? ఈ.కోలైలో మాల్టోజ్‌ని లోపలికి తెచ్చే ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్ (ఏటీపీ శక్తితో మోసే రకం) చూడు, మాల్‌ఈ (చక్కెర పట్టుకునేది), మాల్‌ఎఫ్, మాల్‌జీ (పొరలో దారి ఇచ్చే పర్మియేజులు) ఒక్కోటి, మాల్‌కే (ఏటీపీ విరగ్గొట్టి శక్తినిచ్చే ఏటీపేజ్) రెండు కలిస్తే ఒక్క యంత్రం. జీన్లు నాలుగు, ట్రాన్స్‌పోర్టర్ ఒకటే. వేరు బుడిపెల బ్యాక్టీరియాలో ఏబీసీలు విపరీతంగా ఉంటాయి కాబట్టి నీ బ్లాస్ట్ లెక్క ఉబ్బడానికి సగం కారణం అదే అయ్యుంటుంది. మిగతాది టీసీ నంబరు మొదటి అంకె 8, 9 ఉన్న తరగతుల వల్ల. 8 అంటే రవాణాకు సాయపడే ప్రోటీన్లు, 9 అంటే పని ఇంకా పూర్తిగా తేలనివి. వాటిని విడిగా పెట్టి మళ్లీ లెక్కవేసి చూడు.

పాఠం_కడప:
ల్యాక్‌వై సంగతి నేను చెప్తానమ్మా, మా పిల్లలు కూడా ప్రతి ఏడూ ఇక్కడే పడతారు. దాని నంబరు 2.ఎ.1.5.1. ఇందులో 2.ఎ.1 అంటే ఎంఎఫ్ఎస్ అనే పెద్ద కుటుంబం, 5 అందులో ఒక శాఖ, చివరి 1 ఆ ప్రోటీన్. నీ 31 శాతం పోలిక 2.ఎ.1 దాకా ధైర్యంగా చెప్పనిస్తుంది, ఆ తర్వాతి అంకెలు చెప్పడానికి అది చాలదు. అదే ఎంఎఫ్ఎస్‌లో స్టఫైలోకాకస్ ఆరియస్ నుంచి మందుల్ని బయటికి తోసేసే నార్‌ఏ కూడా ఉంది, చక్కెరను లోపలికి తెచ్చేదీ మందును బయటికి గెంటేదీ ఒకే ఇంటివే. అంతెందుకు, ల్యాక్‌వైలోనే 177వ స్థానంలో అలనీన్ పోయి వాలీన్ వస్తే చాలు, అంతకుముందు సరిగ్గా తీసుకోలేని మాల్టోజ్‌ని బాగా తీసుకుంటుంది. ఒక్క అమైనో ఆమ్లంతో మోసే సరుకే మారుతుంటే టాప్ హిట్ పేరు చూసి సరుకు పేరు ఎలా రాస్తాం?

పొడవు కూడా చూడు. ల్యాక్‌వై 417 అమైనో ఆమ్లాలు, పొరను 12 సార్లు దాటుతుంది, దాటిన ప్రతిసారీ ఒక హెలిక్స్ (మెలిక). నీ పోలిక ఆ పొడవంతా ఉందా, ఏ 90 అమైనో ఆమ్లాల మీదో ఉందా? ఇంకోటి, ఏబీసీల్లో చక్కెరను పట్టుకునే ప్రోటీన్ మొదట్లో సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ని పొర అవతలికి పంపే చిన్న ముక్క) ఉంటుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పొర దాటే హెలిక్స్ అనుకుంటాయి. ఒక్క హెలిక్స్, అదీ మొదట్లోనే చూపిస్తే అనుమానించు.

గడ్డిపువ్వు:
ఇంత లెక్కలెందుకు, లాక్టోజ్ ఒక్కటే ఆహారంగా ఇచ్చి ప్లేట్ మీద పెరుగుతుందో లేదో చూస్తే తేలిపోదా?

పాఠం_కడప:
బ్యాక్టీరియా లాక్టోజ్ వాడుకుంటుందని తేలుతుంది, ఈ జీనే తెచ్చిందని తేలదు. బయటే విరగ్గొట్టి గ్లూకోజ్, గాలక్టోజ్ లోపలికి తీసుకోవచ్చు. ఆ జీన్ తీసేస్తే పెరుగుదల ఆగాలి, తిరిగి పెడితే రావాలి, అప్పుడు ఒప్పుకుంటాం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో అంత టైము దొరకదు.

చెనక్కాయ_అనంతపురం:
మేడమ్, అన్నా, రాత్రంతా కూర్చొని మళ్లీ చూశాను. ఆ ప్రోటీన్‌కి పోలిక దాదాపు పొడవంతా ఉంది, హెలిక్సులు 12 వచ్చాయి. గడిలో 'ఎంఎఫ్ఎస్ కుటుంబం, ఏం మోస్తుందో తేలలేదు' అని మార్చాను. ఏబీసీల్లో పక్కపక్కన ఉన్న జీన్లని కలిపితే లెక్క బాగా తగ్గింది. కానీ మూడు చోట్ల చక్కెర పట్టుకునేదీ పర్మియేజులూ ఉన్నాయి, ఏటీపేజ్ లేదు. అవి పనికిరానివని కొట్టేయాలా?

తుంగభద్ర_కర్నూలు:
కొట్టేయొద్దు చెల్లెమ్మా. స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియాలో ఎంఎస్ఐకే అనే ఒక్క ఏటీపేజ్ జీనోమ్‌లో వేరే చోట ఉండి ఒకటికి మించి చక్కెర ట్రాన్స్‌పోర్టర్లకు పనిచేస్తుంది. నీదాంట్లో చక్కెర ఏబీసీల ఏటీపేజులన్నీ ఒక లిస్టు తీసి, జట్టు లేకుండా ఒంటరిగా ఉన్నది ఏదైనా ఉందేమో చూసి ఇక్కడే పెట్టు.