ఉమ్మడి వనరుకు నియమాలు రాసేటప్పుడు జరిమానా ఎంత పెట్టాలి?

ప్రశ్న: గట్టుదారి

ముప్పై మంది కలిసి వాడుకునే ఉమ్మడి వనరు ఒకటి ఉందనుకుందాం. కాలువ నీళ్ళు, మేత బీడు, చేపల వేట, ఏదైనా సరే. వంతు దాటి వాడుకున్నవాడికి దాటిన ప్రతిసారీ 100 యూనిట్ల లాభం. నష్టం మాత్రం అందరి మీదా పడుతుంది. పదిసార్లు దాటితే ఒకసారి దొరుకుతాడు. ఈ లెక్కన జరిమానా 1000కి మించితే గీత దాటడం ఎవరికీ గిట్టదు. కానీ వందల ఏళ్ళు నిలిచిన వ్యవస్థల గురించి చదివితే, అక్కడ వేసిన జరిమానాలు దక్కే లాభం కంటే చాలా తక్కువ. ఈ రెండూ ఎలా పొసగుతాయి? నియమావళి రాయడానికి కూర్చుంటే ఆ అంకె ఎలా తేల్చాలి? లేదంటే జరిమానాల జోలికే పోకుండా ఎవరి వాటా వాళ్ళకు రాసిచ్చి, కావాలంటే అమ్ముకోమంటే సరిపోతుందా?

జవాబు: తూనికరాయి

మీ లెక్కలో తప్పు లేదు. నేరం, శిక్షల మీద ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో చేసిన వాదన సారం అదే: దొరికే అవకాశాన్ని శిక్షతో గుణించి లాభంతో పోల్చడం. ‘పదింట ఒకటి’ అన్న అంకెను కదలనిదిగా తీసుకోవడంలోనే చిక్కంతా ఉంది. జరిమానా మారితే అదీ మారుతుంది.

జరిమానా 1000 అనగానే, చూసినవాడు చెప్పడానికి వెనకాడతాడు. రోజూ మొహం చూడాల్సిన మనిషితో వైరం ఎవరికి కావాలి? పట్టుబడినవాడు ఎంతకైనా తెగించి వాదిస్తాడు. తీర్పు చెప్పాల్సినవాళ్ళు పక్కా రుజువు లేనిదే నోరు విప్పరు. పదింట ఒకటి కాస్తా యాభైకి ఒకటి అవుతుంది. 1000ని 50తో భాగించండి, 20. కాగితం మీద వెయ్యి అని ఉన్నా, గీత దాటేవాడి లెక్కలో దాని బరువు ఇరవయ్యే.

చిన్న జరిమానా చేసే పని వేరు. అది లాభానికి విరుగుడు కాదు, ‘చూశాం’ అని చెప్పడం. మొదటిసారి 20, రెండోసారి 100, మూడోసారి ఆ సీజన్‌కు వంతే పోతుంది అని రాశారనుకోండి. పొరపాటున దాటినవాడు 20 కట్టి తల వంచుకుని వెళ్తాడు, గొడవ ఉండదు. కావాలని దాటేవాడికి తర్వాతి మెట్టు కళ్ళ ముందే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం మిగతా ఇరవై తొమ్మిది మంది. మనుషుల్లో చాలామంది ‘అందరూ పాటిస్తే నేనూ పాటిస్తాను’ అనే రకం. దాటినవాడు దొరికాడన్న కబురు వాళ్ళ చెవిన పడితే చాలు, వాళ్ళు నిలబడతారు.

అయితే మెట్లు లేని చిన్న జరిమానా మాత్రం వద్దు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో 20 వారాల పాటు ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2000లో వెలువడ్డాయి. పిల్లల్ని తీసుకెళ్ళడానికి పది నిమిషాలకు మించి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో 10 షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అప్పటిదాకా టీచర్‌ని కూర్చోబెట్టామన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది అదనపు సమయానికి కట్టే రుసుము అయిపోయింది. తర్వాత జరిమానా ఎత్తేశారు, అయినా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. ఈ రెండో సగాన్ని చాలామంది పట్టించుకోరు గానీ నియమం రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది దాన్నే. మొహమాటాన్ని ఒకసారి బేరంగా మార్చాక, ఆ నియమం కొట్టేసినంత మాత్రాన మళ్ళీ రాదు.

జవాబు: మడవకాపు

తూనికరాయి గారు చెప్పినదానికి ముందు తేలాల్సింది ఒకటుంది: చూసేది ఎవరు? వాళ్ళకు ఏం ఒరుగుతుంది?

వంతుల వారీ నీటి పంపకాన్ని దగ్గర్నుంచి చూడండి. నా వంతు ముగిసే వేళ మడవ మూయాలి, నాకేమో ఇంకాసేపు పారించుకోవాలని ఉంటుంది. తర్వాతి వంతు మీది. మీరు ముందుగానే తెరవాలని చూస్తారు. ఇద్దరం ఒకే చోట, ఒకే సమయానికి నిలబడి ఉంటాం. నన్ను మీరు, మిమ్మల్ని నేను చూస్తూనే ఉంటాం, ఎవరికీ జీతం ఇవ్వక్కర్లేదు. అదే నీళ్ళను వంతు లేకుండా ‘రోజుకు ఇన్ని లీటర్లు’ అని పంచితే ప్రతి పొలానికీ మీటరు, దాన్ని చదివేవాడు, వాడు లంచం తినకుండా చూసేవాడు కావాలి. పంపకం ఎలా పెడతారన్నదే కాపలా ఖర్చును తేల్చేస్తుంది. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే సంగతి ఇదే.

ఏ కొలత ఎంచుకుంటారన్నదీ అంతే ముఖ్యం. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో 1517 నాటి నిబంధన ఒకటుంది: శీతాకాలమంతా మేపగలిగినన్ని ఆవుల్నే వేసవిలో కొండ మీది ఉమ్మడి బీడుకు పంపాలి. బీడులో గడ్డి ఎంతుందో కొలవక్కర్లేదు, వాటాల కోసం కొట్లాట అక్కర్లేదు. చలికాలంలో ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో ఊరంతటికీ తెలుసు. హద్దు దాటినవాడికి జరిమానా వేసే స్థానిక అధికారికి అందులో సగం దక్కేది. అంటే చూసీ చూడనట్టు పోతే అతనికే నష్టం.

స్పెయిన్‌లోని వాలెన్సియాలో నీటి పంచాయతీ ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు కెథడ్రల్ తలుపు దగ్గర కూర్చుంటుంది. కాలువల రైతులు ఎన్నుకున్న ఎనిమిది మందే న్యాయమూర్తులు. విచారణంతా నోటిమాటగానే, అందరి ముందూ. నియమావళి రాసేవాళ్ళకు నా సలహా: జరిమానా అంకె మీద ఒక పూట ఖర్చుపెడితే, తగాదా ఎన్ని రోజుల్లో తేలాలి, ఎవరి ముందు తేలాలి అన్నదాని మీద మూడు పూటలు పెట్టండి. నెలల తరబడి సాగే తగాదాలో నీళ్ళు దొంగిలించినవాడే గెలిచినట్టు. ఈలోపు పంట కోసేసుకుంటాడు.

జవాబు: వలతాడు

వాటాలు రాసివ్వడం గురించి. అది పనిచేస్తుంది, కానీ కొన్ని చోట్లే.

అలాస్కా హాలిబట్ చేపల వేటే చూడండి. మొత్తం ఎంత పట్టాలన్నదానికి హద్దు ఉండేది, ఎవరెంత అన్నదానికి లేదు. దాంతో ఎవరు ముందు పడితే వాళ్ళదే. పడవలు పెరిగేకొద్దీ సీజన్ కుదించుకుంటూ పోయారు. 1990ల మొదట్లో చాలా ప్రాంతాల్లో ఏడాదికి రెండు మూడు రోజులే వేట. ఆ రోజు తుఫాను ఉన్నా బయల్దేరాల్సిందే. సరుకంతా ఒక్కసారే ఒడ్డుకు వచ్చేది, ఎక్కువ భాగం గడ్డకట్టించి అమ్మేవారు. 1995లో ఎవరి వాటా వాళ్ళకు రాసిచ్చారు, అమ్ముకునే హక్కుతో సహా. సీజన్ దాదాపు ఎనిమిది నెలలకు పెరిగింది, తాజా చేప మార్కెట్‌కు వచ్చింది. సముద్రమూ అదే, చేపా అదే. పరుగెత్తితేనే దక్కుతుందన్న నియమం పోయింది, అంతే.

బెడిసికొట్టేది మొదటి పంపకంలో. పాత వేట రికార్డుల ప్రకారం పడవ యజమానులకు వాటాలు వచ్చాయి. వాళ్ళతో పాటు అదే డెక్ మీద గాలాల తాడు లాగిన కూలీలకు ఏమీ రాలేదు, తర్వాత కావాలంటే కొనుక్కోవాల్సిందే. అమ్మకానికి హద్దు లేకపోతే వాటాలన్నీ కొద్దిమంది చేతుల్లోకి పోతాయి. అందుకే ఒక్కొక్కరు ఎంతకు మించి ఉంచుకోకూడదో మొదటి రోజే రాయాలి. కొనేసినవాళ్ళు బలపడ్డాక ఆ షరతు పెట్టనివ్వరు.

ఇక తూకం వేయలేనిదానికి వాటాలు రాసివ్వకండి. చేప ఒడ్డుకు రావాల్సిందే, కాటా మీద పడాల్సిందే. భూగర్భ జలం అలా కాదు. పక్క బోరు ఎంత తోడిందో మీటరు లేనిదే ఎవరికీ తెలియదు.

గట్టుదారి: చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒకే సందేహం. కాపలా అందరిదీ అయినప్పుడు శిక్షించే అధికారం కూడా అందరికీ ఇచ్చేస్తే?

తూనికరాయి: అది వద్దు. దీని మీద బాగా తెలిసిన ప్రయోగం ఉంది. నలుగురికి తలా 20 టోకెన్లు ఇస్తారు. ఉమ్మడి కుండలో వేసిన ప్రతి టోకెన్‌కూ నలుగురికీ తలా 0.4 వస్తుంది. అందరూ మొత్తం వేస్తే తలా 32. ముగ్గురు వేసి ఒకడు దాచుకుంటే వాడికి 44, మిగతావాళ్ళకు 24. ఆట మళ్ళీ మళ్ళీ ఆడిస్తే కుండలో వేసేది తగ్గుతూ పోతుంది. సొంత ఖర్చుతో ఒకరినొకరు శిక్షించుకునే వీలు కల్పిస్తే పెరుగుతుంది. కానీ ఇలాంటి ఆటనే 16 నగరాల్లో ఆడించి 2008లో ఫలితాలు ప్రకటిస్తే, కొన్ని నగరాల్లో ఎక్కువ వేసినవాళ్ళనే శిక్షించడం కనబడింది. అలాంటిచోట శిక్షించే వీలు కల్పించినా సహకారం పెద్దగా పెరగలేదు. కాబట్టి చూసి చెప్పే హక్కు ముప్పై మందికీ ఇవ్వండి. శిక్ష వేసే హక్కు మాత్రం వాళ్ళు ఎన్నుకున్న ముగ్గురికే ఉంచి, ఏడాదికోసారి మార్చండి.

మడవకాపు: ఆ ముగ్గురిలో ఎవరి కాలువ తగాదా వస్తే వాళ్ళు ఆ రోజు తప్పుకోవాలని కూడా రాసుకోండి. వాలెన్సియాలో ఫిర్యాదు ఏ కాలువదైతే ఆ కాలువ ప్రతినిధి తీర్పులో కలుగజేసుకోడు.